మామోగ్రామ్‌లో గవర్నర్ గారి చిరునవ్వు

"ఈ రోజు నుంచి మన ప్రావిన్సులో రొమ్ము క్యాన్సర్ రద్దు!" అని గవర్నర్ కాండిడో బగ్తాస్ గారు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టి పన్‌సిత్ నూడుల్స్ తిన్నారు. నేనూ తిన్నాను.

ఇకమీదట ఆడవాళ్ళ మామోగ్రామ్ కంప్యూటరే చూసి, గడ్డ ఉన్నచోట ఎర్ర సున్నా చుడుతుంది. ఫిలిప్పీన్స్ మొత్తంలో ఇలాంటి ఘనత ఇంకెవరికీ లేదట. మా దగ్గర గవర్నర్ గారి ఫొటో లేని వస్తువు ఉండదు. బియ్యం సంచి, అంబులెన్సు, పేదల ఉచిత శవపేటిక, అన్నిటి మీదా ఆయనే నవ్వుతుంటారు. మరి మామోగ్రామ్ ఏం పాపం చేసింది? ఆ ఫిల్మ్ మీదా ఆయన ఫొటో అచ్చేశారు.

మొదటిరోజే మా అక్క హెర్మీనియాను తీసుకెళ్ళాను. ఆమెకు కలమన్సీ నిమ్మకాయంత గడ్డ చేతికి తగులుతోంది. ఆ రోజు లోపలికెళ్ళిన ఆడవాళ్ళందరికీ క్యాన్సర్ వచ్చింది. అదీ ఒకే చోట. గవర్నర్ గారి నోట్లో.

"ఆయన పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. కంప్యూటర్ వాటిని రోగం తాలూకు సున్నపు చుక్కలనుకుంటోంది. ఆ ఫొటో తీసెయ్యండి" అంది డాక్టర్ మారివిక్.

గవర్నర్ గారి పీఏ డాంటే మొహం పాలిపోయింది. "గవర్నర్ గారిని, మా గవ్‌నే తీసెయ్యమంటారా డాక్టర్? కంప్యూటర్‌కి బుద్ధి చెప్పండి!"

చెప్పారు. గవర్నర్ గారున్న చోట రోగం ఉండదని నేర్పారు. మా అధికారులంత త్వరగానే అదీ నేర్చుకుంది. ఆ సంతోషంలో ఫొటో ఇంకా పెద్దది చేశారు.

మళ్ళీ అక్క వంతు. 'రోగం లేదు' అని కాగితం వచ్చింది.

"లేదేమిటి నాయనా? ఇదుగో, ఇక్కడే తగులుతుంటే!"

డాంటే ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి చూశాడు. "అక్కడ గవ్ ఉన్నారక్కా. గడ్డెలా ఉంటుంది?"

"ఆయన్ని కాస్త పక్కకి జరగమనవయ్యా!"

"నువ్వెవరి పార్టీ?"

డాక్టర్ చేత్తో తడిమి చూసింది. మొహం మారింది. పెద్దాసుపత్రికి రాసిస్తానని పెన్ను తీసింది.

"కంప్యూటర్ లేదన్నాక మీరు ఉందంటే, గవ్ అబద్ధమాడినట్టు కాదా డాక్టర్?" అన్నాడు డాంటే నెమ్మదిగా.

పెన్ను జేబులోకెళ్ళింది.

ఏడాది తిరిగింది. మా ప్రావిన్సులో క్యాన్సర్ ఒక్కటీ దొరకలేదు. గవర్నర్ గారికి అవార్డు వచ్చింది.

అక్కకి శవపేటిక వచ్చింది. ఉచితంగానే. డాంటే స్వయంగా తెచ్చాడు. చివరిచూపు కోసం మూతకి అద్దం ఉంటుంది కదా, సరిగ్గా ఆ అద్దం మీదే ఫొటో అంటించారు.

"అక్క మొహం కనపడటంలేదు. ఆయన్ని కాస్త పక్కకి జరుపు" అన్నాను.

డాంటే నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వెవరి పార్టీ?"