ఎలీషా పొగాకులో రేడియేషన్

సింగరాయకొండ దగ్గరి పల్లెలో హెలెన్ హైస్కూలు సైన్సు టీచరు. ఆ ఆదివారం పొద్దున ప్రార్థనకు బయల్దేరేలోపే, పొగాకు రైతైన మామగారు ఎలీషా చేత చుట్ట మాన్పించడానికి ఇంకో దారి చూడాలనుకుంది. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు. ఏడాదిగా దగ్గు. దగ్గి దగ్గి అలిసిపోయి, సేద తీరడానికి మరో చుట్ట వెలిగించేవాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, చివరికి ఆమె ఒక ఉత్తరం రాసింది.

"మావయ్యా, మీ పొగాకులో పొలోనియం అనే పదార్థం ఉంది. దాన్నుంచి రేడియేషన్ వస్తుంది. ఎరువు నుంచీ గాలి నుంచీ అది ఆకుకు పడుతుంది. పొగతో పాటు ఊపిరితిత్తుల్లో చేరి పేరుకుంటుంది. దయచేసి చుట్ట మానేయండి."

కాగితం మడిచి ఆయన బైబిల్లో పెట్టింది. గుడిలో చదివితే చించి పారెయ్యలేడు కదా అని.

ఎలీషా ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు. బైబిల్లోంచి జారిన కాగితాన్ని చూసి, ఎవరో ప్రార్థన కోసం రాసిచ్చిన చీటీ అనుకుని పాస్టరు తోమా గారికి అందించాడు. తోమా గారికి చీటీలు ముందుగా చూసుకునే అలవాటు లేదు. మైకులో రెండు వాక్యాలు చదివాక ఏదో తేడాగా ఉందని ఆగి, మిగతాది మింగేసి, ఎలీషా గారి పొగాకు కోసం అందరం ప్రార్థిద్దామన్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న హెలెన్ కొంగు మొహం మీదికి లాక్కుంది.

సోమవారం ఆకును రకాలవారీగా ఏరే గ్రేడింగుకు రావలసిన పన్నెండు మంది కూలీలూ రాలేదు. అందరికీ ఒకేసారి జ్వరం వచ్చిందని మేస్త్రీ అంకమ్మ కబురు పెట్టింది. మంగళవారం పాలకేంద్రంలో ఎలీషా వాళ్ల గేదె పాలు వద్దన్నారు. బుధవారం పక్క చేను పానకాలు, రేడియేషన్ గట్టు దాటి రాకుండా గట్టు పొడుగునా ముళ్లకంప పరిచాడు. రోజూ సాయంత్రం ఎలీషా పక్కన కూర్చుని చుట్ట కాల్చేవాడు కూడా అతనే.

శుక్రవారానికి పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి చేరాలి. పెద్దాయన ఒక్కడే షెడ్డులో కూర్చుని, దగ్గుతూ ఆకు ఏరుతున్నాడు. హెలెన్ పక్కన కూర్చుని తను చేసిన పని ఒప్పుకుంది. ఆయన కోప్పడలేదు.

"నిజమేనా అది?" అన్నాడు.

"నిజమే మావయ్యా."

ఆయన మళ్లీ ఆకు ఏరుకోసాగాడు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

గురువారం పొద్దున్నే హెలెన్ అంకమ్మ ఇంటికి వెళ్లింది.

"ఆ రేడియేషన్ మా మావయ్య ఆకులోనే కాదు అంకమ్మా, అందరి ఆకులోనూ ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే ఏం చెయ్యదు. కాల్చి పొగ పీలిస్తేనే ప్రమాదం."

"పానకాలు ఆకులో కూడానా?"

"ఆయన ఆకులోనూ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా టీచరమ్మా. ఎలీషా మావ ఒక్కడిదే అనుకుని హడలి చచ్చాం," అని అంకమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చూరులోంచి చుట్ట తీసి వెలిగించింది. పొగ పీలిస్తేనే ప్రమాదమన్న మాట ఆమె చెవిన పడినట్టు లేదు.

గంటలో పన్నెండు జ్వరాలూ తగ్గిపోయాయి. షెడ్డు నిండింది. పానకాలు కంప తీసేసి, సిగ్గుపడుతూ వచ్చి, కొత్త చుట్ట ఒకటి ఎలీషా ముందు పెట్టాడు. ఎలీషా దాన్ని ముట్టుకోలేదు.

"ఈ నాలుగు రోజులూ ఒక్కణ్ణే కూర్చుని కాల్చి చూశాను రా. పొగ తప్ప ఏం లేదు అందులో," అన్నాడు.

హెలెన్‌కు ఏడుపొచ్చింది. రేడియేషన్‌కు లొంగని మనిషి ఒంటరితనానికి లొంగాడు.

మరుసటి వారం ఒంగోలు తీసుకెళ్లి స్కాన్ తీయించింది. కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందనీ, ముక్క తీసి పరీక్షకు పంపాలనీ డాక్టరు చెప్పాడు. చుట్ట మానడం మంచి పనేననీ, కాస్త ముందు మానాల్సిందనీ అన్నాడు. తిరుగు బస్సులో ఎలీషా స్కాన్ ఫిల్ములున్న పెద్ద కవరు ఒళ్లో పెట్టుకుని, ఊరొచ్చేదాకా కిటికీలోంచి పొగాకు చేలు చూస్తూ కూర్చున్నాడు.

రేడియేషన్ అందరికీ సమానమేనని తెలిశాక ఊరికి ధైర్యం వచ్చి, ఆ మరుసటి ఏడు ఇంకో ఇరవై ఎకరాలు పొగాకు వేసింది.