సీమలో దినానికి రెండు ముహూర్తాలు

ఒక దేశపు ఆట ఇంకొక దేశానికి పోయి కొన్నాళ్ళు కాపురముండి వస్తే ఉభయ దేశాలకూ మేలు కలుగుతుందని రాణీగారి దొరతనంలో తీర్మానమైనది. తీర్మానించిన దొరలలో, మా మగవాళ్ళు ఉరుమి డోలుకు అడుగువేసే దేవరాటను చూసినవాడు ఒక్కడూ లేడు (చూస్తే పక్షపాతం పుడుతుందట). ఈ మేలు కోసం కోయంబత్తూరులో ఆటపాటల మారకపు కచేరీ తెరిచి, ఒక దొరనూ, ఆయన మాట మాకు చెప్పడానికి దుబాసి నారాయణసామినీ నియమించారు.

మారకం అనగా మావాళ్ళు ఓడెక్కి దొరల సీమకు పోవాలి, సీమవాడొకడు మా వద్దకు రావాలి. వచ్చినవాడు బాకా ఊదే దొర. మా ఉరుమి నేర్వవలసిన ఆయన ఎండకు తాళలేక మేట్టుపాళయం మీదుగా కొండెక్కి, ఎండ తగ్గగానే దిగుతానని కబురంపాడు. ఎండ ఇంకా తగ్గలేదు.

పోయేవాళ్ళలో నా కొడుకు కుప్పుసామి ఉన్నాడు. వాడికి నా తమ్ముడు ఆండియప్ప కూతురు పాప్పాత్తిని ఎప్పుడో అనుకొని ఉన్నాము. ఓడ మునుగుతుందనీ, చలికి వేళ్ళు రాలతాయనీ, దారిలో తిమింగలం ఉంటుందనీ వరుసగా భయపడుతూ నేను కచేరీకి పోయాను.

"మీ ఆట ఎప్పుడెప్పుడు ఆడేది?" అని దుబాసి అడిగాడు.

"పెండ్లికి ఆడతారు సామీ. పిల్ల పెద్దమనిషైతే ఆడతారు. చావుకీ ఆడతారు."

నిబంధన ఏమంటే, ఊళ్ళో ఏ సందర్భాన ఆడతారో సీమలోనూ ఆ సందర్భాన్ని దినమూ ఉన్నదున్నట్టు చూపాలి.

"దినమూ చావంటే ఎవర్ని చంపేది సామీ? మావాడు మెత్తనోడు, ముందర వాణ్ణే పట్టుకుంటారే!"

"బయపడ వేండాం, బయం వద్దు అమ్మా. దొర చావును కొట్టేసినాడు. పెండ్లి ఒకటే. పొద్దునొకటి, సాయంత్రమొకటి."

"పెండ్లికొడుకు?"

"మీవాడే. ముక్కు బాగుండాదని దొర చెప్పినాడు."

"అయ్యయ్యో! పెండ్లికూతురో?"

"అది అక్కడ సర్కారు ఇస్తాది. మీకేల?"

పోదనూరులో రైలెక్కేటప్పుడు చింతకాయ తొక్కు చేతికిచ్చి, "దేన్నీ తాకొద్దురా నాయనా" అని మాత్రం చెప్పగలిగాను.

మరుసటి సజ్జకోతలకు వాడు తిరిగి వచ్చాడు. వేళ్ళన్నీ ఉన్నాయి. వాడు చెయ్యి కడగకముందే ఆండియప్ప వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, మాపిళ్ళకు, నాకు కాబోయే అల్లుడికి, సీమలో ఎన్ని పెండ్లిండ్లు అయ్యుండాయి?"

"ఎంచలేదు మామా," అన్నాడు మావాడు. "పెండ్లికూతురు చెక్కబొమ్మ. దర్జీ అంగడి నుంచి తెచ్చినారు."

"చెక్కైతే ఏమిరా? తాళి తాళే కదా! నా బిడ్డ చెక్కకు సవతిగా వచ్చేదా?" తమ్ముడు కాసేపు మీసం నమిలి, "సరి, దానిది ఏ ఇంటిపేరు?" అన్నాడు.

ఇది న్యాయమైన ప్రశ్న. మాలో ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. వాళ్ళ మధ్య జరిగినది పెండ్లే కాదు. ముగ్గురమూ కచేరీకి పోయాము. దొర సీమలో తగు విచారణ జరిపించి, చాలా కాలానికి జవాబు దుబాసి నోట చెప్పించాడు. ఇంటిపేరు లేని పెండ్లికూతురు నిబంధనకు విరుద్ధం గనుక బొమ్మకూ ఒకటి పెట్టారట. సీమదొరలకు తెలిసిన ఇంటిపేరు ఒక్కటే. మావాడిది.

ఆండియప్ప కచేరీలోనే గంతేశాడు. "అట్లైతే అది వాడికి చెల్లెలు! ఒక్క పెండ్లీ చెల్లదు! అక్కా, పందిరి వెయ్యి!"

(చెల్లెలికి దినానికి రెండుసార్లు తాళి కట్టిన సంగతి మాత్రం ఎవరమూ ఎత్తలేదు.)

పచ్చకొమ్మలతో పందిరి వేశాము. ఉరుమి మోగింది. ఈసారి నేను పిడుగుకూ, నిప్పుకూ, వంటలో బల్లికీ తప్ప దేనికీ భయపడలేదు. కుప్పుసామి చెయ్యి వణకకుండా పాప్పాత్తి మెడలో తాళి కట్టాడు. అంత నేర్పుగా కట్టిన పెండ్లికొడుకును చూడలేదని ముసలివాళ్ళు మెచ్చుకున్నారు. తరువాత వాడు జనం వైపు తిరిగి, నడుము వంచి, చప్పట్ల కోసం కాసేపు ఆగాడు.

అవి రాకపోయేసరికి పాప్పాత్తి వైపు తిరిగి, తాళి విప్పి ఇమ్మని చెయ్యి చాచాడు. సాయంత్రం ఆటకు కావాలట.