ప్రశాంతికి ప్రసంగ చికిత్స

మా అమ్మాయి పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టింది మా సంఘం పాస్టరు దైవాధీనం అయ్యగారు. ఆర్నెల్లయింది కానీ, పేరుకు తగ్గ లక్షణం ఒక్కటీ ఇంకా బయటపడలేదు.

పగలంతా దేవదూతలా ఉంటుంది. రాత్రి పదింటికి పడుకుని పదకొండుకి లేస్తుంది. అక్కణ్ణుంచి గంటకోసారి, అరకులోయ మొత్తానికీ టైము చెప్పే బాధ్యత తనదే అన్నంత శ్రద్ధగా ఏడుస్తుంది. ఇవన్నీ నాకు మా ఆవిడ చెప్పగా తెలిసిన సంగతులు. నేను లెక్కల మాస్టర్ని. పొద్దున్నే బడి ఉంటుంది కనక ఆ సమయంలో నిద్రపోతుంటాను.

మా ఆవిడ డాలీ ఏఎన్ఎం. స్కూటీ మీద కొండ ఊళ్లన్నీ తిరిగి, పసిపిల్లల్ని ఎలా పెంచాలో తల్లులకు చెప్పడం ఆవిడ ఉద్యోగం. తన పిల్ల దగ్గర ఆ పాఠాలేవీ పనిచెయ్యలేదు. పైగా ప్రసూతి సెలవు అయిపోవచ్చింది, ఇంకో తొమ్మిది రోజుల్లో డ్యూటీలో చేరాలి.

ఆ శనివారం పొద్దున్న కాఫీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, "పంచదార బదులు ఉప్పేసినట్టున్నావు, కొత్త రకమా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చేసింది.

"కంటినిండా పడుకుని ఆర్నెల్లయిందండీ. నిద్దర లేక సచ్చిపోతన్నాను. ఇలాగుంటే ఆ ఘాట్ రోడ్డు మీద బండెలా నడపను? తూలితే లోయలోకి ఎలిపోతాను."

నిజంగా భయమేసింది. భయమేసినప్పుడు తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. నేను మాటిచ్చాను.

"నువ్వు డ్యూటీలో చేరేలోపు పాపకి రాత్రి నిద్ర అలవాటు చేస్తాను."

"సెయ్యలేకపోతే?"

"రాత్రి డ్యూటీ నాది. పాలకి తప్ప నిన్ను లేపను."

"మీరా? మేలుకుంటారా?" అని కన్నీళ్లు తుడుచుకుని నవ్వింది. నాకు పౌరుషం వచ్చేసింది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో నాకు ఉపాయం తట్టింది. మా అయ్యగారికి సంఘంలో 'ఆఖరుమాట అయ్యగారు' అని ముద్దుపేరు. "ఆఖరుగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అన్నాక ఇంకో నలభై నిమిషాలు చెబుతారు. నేను మగవాళ్ల వరసలో కూర్చుని, అవతల ఆడవాళ్ల వైపు చూశాను. డాలీ ఒళ్లో ప్రశాంతి నోరు తెరుచుకుని ఒళ్లెరక్కుండా నిద్రపోతోంది! కిందటి ఆదివారమూ అంతే, అంతకు ముందూ అంతే.

మందు కళ్లెదుట పెట్టుకుని లోకమంతా వెతుకుతున్నామన్న మాట. ఫోను తీసి ప్రసంగం మొత్తం రికార్డు చేశాను.

ఆ రాత్రి ఉయ్యాల పక్కన ఫోను పెట్టి ఆన్ చేశాను. పొద్దున లేచి, "ఎలా ఉంది నా ఐడియా?" అన్నాను.

"బెమ్మాండం. మొదటి వచనానికే పడుకున్నారు."

"చెప్పానా!"

"పాప కాదు, మీరు. గుంట మాత్రం కళ్లింత సేసుకుని ఆఖరుదాకా ఇంది."

అంత శ్రద్ధగా విన్న విశ్వాసి మా సంఘంలో ఇంతవరకూ లేరు. సౌండు చాలలేదని నాకర్థమైంది. సోమవారం రాత్రి బడి నుంచి స్పీకరు తెచ్చి పెట్టాను. అయ్యగారు "ప్రియులారా!" అనగానే కిటికీ రెక్కలు అదిరాయి.

పది నిమిషాల్లో తలుపు దబదబా కొట్టారు. తీస్తే పక్కింటి సోములమ్మ గొంగళి కప్పుకుని నిలబడి ఉంది. ఆవిడ కొండమీద రాగులు, పసుపు పండించే మనిషి, పగలు మా పాపను చూస్తుంటుంది. వెనకాల టార్చిలైట్లతో సగం వీధి.

"ఎవులు పోయినార్రా బాబూ?" అంది ఏడుపు గొంతుతో.

అర్ధరాత్రి క్రైస్తవుల ఇంట ప్రార్థన వినిపిస్తే శవం లేచిందని వాళ్ల లెక్క. ఒకాయన శవం మీద కప్పే చీర, పూలదండ కొనడానికి బండి కూడా బయటికి తీశాడట. ఎవరూ పోలేదని చెబితే, ఇంత చలిలో నిద్ర చెడగొట్టినందుకు ఎవరో ఒకరు పోతే బాగుండన్నట్టు నాకేసి చూశారు.

బుధవారం మా మేనమామ కూతురి ప్రధానానికి సాలూరు వెళ్లి, రాత్రి అక్కడే ఉండిపోవలసి వచ్చింది. వెళ్లేముందు రికార్డింగు డాలీ ఫోనుకి పంపి, సౌండు ఎంత పెట్టాలో కాగితం మీద రాసిచ్చాను. గురువారం తిరిగొచ్చేసరికి మా ఆవిడ మొహం కళకళలాడుతోంది.

"పాప పడుకుందా?"

"రాత్రి పదింటికి పడుకుని పొద్దున అయిదుకి లేచింది."

"చూశావా నా ప్రసంగం మహిమ!" అని ఎగిరి గంతేశాను. డాలీ ఏదో అనబోయి, నన్ను ఎగాదిగా చూసి, చారులో పోపు వేసుకుంది.

అదేం చిత్రమో, ఆ రాత్రి నేను దగ్గరుండి అదే ప్రసంగం అదే సౌండులో పెట్టినా పాప నాలుగుసార్లు లేచిందట.

"పాతబడిపోయింది డాలీ. ఎన్నిసార్లని వింటుంది పాపం!"

"అవునండి," అంది ఎంతో వినయంగా. "అయ్యగారినే పిలిసీస్తే పోలేదేటి? శనివారం మనింట్లో ఆల్ నైట్ ప్రేయర్ పెడదాం. ప్రత్యక్షంగా ఇంటాది."

నా భార్య ఇంత తెలివైనదని నాకు అప్పుడే తెలిసింది. ఎదురు చెప్పకుండా మెచ్చుకున్నాను.

శనివారం రాత్రి సంఘంవాళ్లు, సోములమ్మతో కలిపి, నలభై మంది వచ్చారు. ఆడవాళ్లు లోపల ఉయ్యాల చుట్టూ, మగవాళ్లు వరండాలో. డోలకులు, కంజీరలు, చప్పట్లు, పైన అయ్యగారి ఆఖరు మాటలు మూడు. రెండు గంటలైనా ప్రశాంతి కదల్లేదు. గుమ్మంలోంచి తొంగిచూసి, నేను గెలిచానని డాలీకి బొటనవేలు చూపించాను.

"ఇలా రండి," అంది డాలీ. "మీరూ ఉయ్యాల దగ్గిర కూకోండి. అయ్యగారూ, ఇప్పుడు పాప కోసం అందరం మౌన ప్రార్థన సేద్దాం."

"మంచి మాట సిస్టర్. అందరూ కళ్లు మూసుకోండి," అన్నారు అయ్యగారు.

మూసుకున్నాను. అంతవరకే నాకు గుర్తు.

ప్రశాంతి కెవ్వుమన్న ఏడుపుకి ఉలిక్కిపడి లేచేసరికి నలభై మందీ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. అయ్యగారు చెవుల మీంచి మెల్లగా చేతులు తీశారు.

సోములమ్మ గుండెమీద చెయ్యేసుకుంది. "కొండమీంచి ఎలుగుబంటి దిగిపోనాదనుకున్నాను. అదేటి గురక బాబూ! గుంట కాదు, పెద్దోళ్లే జడిసిపోతారు."

"గురకా? నాకా?" అన్నాను.

"ఆర్నెల్లనుంచి సెప్తన్నాను అయ్యగారూ," అంది డాలీ. "'నాకు గురకేటి, నీ భ్రమ' అంటారు. ఈ చలికి తలుపులన్నీ బిగించి, ఉన్న ఒక్క గదిలో పాప సెవి దగ్గిరే పడుకుంటారు. చర్చిలో ఈయన అటు, మేం ఇటు, గుంట హాయిగా పడుకుంటాది. ఈయన సాలూరు ఎల్లిన రాత్రి నేను ఆ రికార్డింగు నొక్కనేలేదు. అయినా తెల్లారేదాకా లెగలేదు. నేనొక్కర్తినీ సెప్తే నమ్మరని, మీ అందర్నీ పిలిసినాను."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఆఖరుగా ఒక్క మాట," అని, జీవితంలో మొదటిసారి నిజంగానే ఒక్క మాట చెప్పారు. "బ్రదర్, వరండాలో పడుకోండి."

సంఘమంతా "ఆమేన్" అంది.

ఆ రాత్రి నుంచి ప్రశాంతి పేరు నిలబెడుతోంది. డాలీ నిండా నిద్రపోయి, సోమవారం చక్కగా తయారై స్కూటీ ఎక్కింది. మలుపు తిరిగేదాకా చూశాను. బండి ఎక్కడా తూలలేదు. నవంబరు చలిలో వరండాలో పడుకున్నవాడికి కూడా అది చూస్తే సంతోషంగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

శుక్రవారం సంతకు వెళ్లాను. ఏటా మాకు కాఫీ గింజలు ఇచ్చే సుక్రు ఎదురుపడ్డాడు. ఎప్పుడూ దూరం నుంచే నవ్వేవాడు, ఆ రోజు కళ్లెర్రగా ఉన్నాయి. వెనకాల అతని కొండ ఊరి మగాళ్లు నలుగురు.

"మాస్టరు బాబూ, మీ నర్సమ్మగోరు మా ఊరొచ్చినారు. మీటింగు ఎట్టినారు. 'పిల్ల నిద్దరోకపోతే ముందు దాని బాబుని బయట పడుకోబెట్టి సూడండి, మా ఇంట్లో అలగే తగ్గింది' అన్సెప్పీసినారు. నాలుగు రాత్రులనుంచి మేవందరం అరుగుల మీదే ఉన్నాం."

"మరి పిల్లలు పడుకుంటున్నారా?" అన్నాను ఆశగా.

"పిల్లలు పడుకుంతన్నారు. ఆడోళ్లు పడుకుంతన్నారు. కుక్కలు కూడా లోపల పొయ్యికాడే పడుకుంతన్నాయి. మాకే నిద్దర్లేదు. దీనికి మీరేటి సేస్తారు?"

ఏం చేస్తాను? నోరు మూసుకుని వాళ్లను గొంగళ్ల కొట్టుకు తీసుకెళ్లాను. అయిదుగురికీ తలా ఒకటి ఇప్పించి, మందంగా ఉన్నది చూసి నాకూ ఒకటి తీసుకున్నాను.