ఓమనగుంతల కాడ కాన్పు నొప్పులు

జర ఇటు జరుగుండ్రి. ఆ టీవీ బంద్ జేసి నా మోకాలి పక్కన కూసోండ్రి. గీ ముచ్చట గట్టిగ చెప్పేది కాదు. మా ఆయన ఇంటే మల్ల ఆరు నెలలు నన్ను ఎక్కిరిస్తడు.

మా గల్లీల ఎవరి పిల్ల ఏ వారం పుట్టింది, ఆ దినం ఆళ్లింట్ల ఏం కూర వండిన్రు, అన్నీ నాకు యాదే. చదువు రెండో తరగతి కాడ ఆగింది గానీ నా తలకాయ ఆగలే. గసుంటి నన్ను నా మనుమరాలు పట్టపగలు బోల్తా కొట్టిచ్చింది.

మా రూత్‌కు తొమ్మిది నెలలు నిండినయ్. తొలుసూరు కాన్పని పుట్టింటికి, మా ఇబ్రహీంపట్నం వచ్చింది. కొడుకు, కోడలు పొద్దున్నే పనికి పోతరు, పగలంత కావలి నేనే. రూత్ పెనిమిటి జయపాల్ మన్నెగూడల ఇనుప సామాన్ల దుకాణంల పని జేస్తడు.

ఒక సోమారం నొప్పులు మొదలైనయ్. మా ఆయన పెద్దయ్యది నోరు గాదు, మైకు. "మా పిల్లకు నొప్పులొచ్చినయ్!" అని గల్లీల కేకేసిండు. పదకొండు మంది దిగిన్రు. ఒకామె జీలకర్ర నీళ్లు తెచ్చింది, ఒకామె ప్రార్థన అందుకున్నది, హుస్సేన్ బీ విసనకర్రతోని ఉరికొచ్చింది. ఖాసీం ఆటోల నలుగురు పట్టే కాడ ఏడుగురం ఎక్కినం. సర్కారు దవాఖాన గేటు కాడ దిగంగనే రూత్ అన్నది:

"నాయనమ్మా, ఆకలైతుంది."

నొప్పులు లేవు. ఏడ దిగిపోయినయో ఖాసీంకు గూడ తెల్వదు.

నర్సమ్మ మంచిది. రూత్‌ను పరీక్ష జేసి, నవ్వుకుంట చెప్పింది: "ఇవి ముందుగాల వచ్చే నొప్పులమ్మా. వస్తయ్, పోతయ్. ఇంటికి పోయి తిను, జర నడువు, మంచిగ పండు. ఐదు నిమిషాలకొకటి లెక్కన గంటసేపు ఆగకుండ వస్తే రా. ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనవడ్డా, బిడ్డ కదులుడు తగ్గినా లెక్క జూడకు, ఉరికి రా."

బుధవారం గట్లనే పోయినం, వచ్చినం. శుక్రవారం గట్లనే. మూడుసార్లు జయపాల్ పని ఇడిసి ఉరికొచ్చిండు. మూడోసారి ఆళ్ల సేటు అన్నడట: "నొప్పులు నీ పెండ్లానికా, నీకా? ఇంకొక్కపారే సెలవు."

ఆ మాటకు రూత్ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. "ఆ ఒక్కపారి గూడ ఉత్తగ పోతే, అసలు దినం ఆయన నా పక్కన ఉండడు నాయనమ్మా. నాకు బుగులైతది."

అగో, అప్పుడు నాకు ఉపాయం తట్టింది. నొప్పులు చుట్టాలసుంటియి. ఎదురు జూస్తే రావు, కూర నిండుకున్ననాడు వస్తయ్. మనం సంచీ సర్ది గడప కాడ పెట్టినం కాబట్టే సిగ్గువడి పోతున్నయ్! బట్టలు, దవాఖాన కార్డు ఉన్న సంచీని నాకు తప్ప ఎవ్వలికి తెల్వని జాగల దాచిన. ఇగ మా ఆయనకు హుకుం జేసిన.

"ఈ ఇంట్ల నొప్పి అన్న మాట బంద్!"

"మరి నా మోకాలు నొస్తే?"

"నొయ్యనియ్యకు!"

మల్ల సోమారం, అన్నాలు తిన్నంక, పిల్ల మనసు మళ్లిద్దామని ఓమనగుంతల పీట తీసిన. గుంతలల్ల చింతగింజలు పోసి ఆటల కూసున్నం. మా ఆయన మంచంల పండిండు, పక్కన ఫోను.

జర సేపటికి నేనొకటి కనిపెట్టిన. రూత్ పీట అంచు పట్టుకుంటది, తల వంచుతది, పొడుగ్గ ఊపిరి ఇడుస్తది. తల ఎత్తంగనే ఒక గింజ ఒళ్లె ఏస్కుంటది! ఒకటి, ఊకున్న. రెండు, ఊకున్న. కడుపుతోనున్న పిల్ల గదా. ఆరో గింజకు నాతోని కాలే.

"ఏమే, నా గింజలు కొట్టేస్తున్నవా?"

"నీ కండ్లు మసకలు నాయనమ్మా, ఆడు."

"నావా! సూదిల దారం ఎక్కిస్త నేను!"

మంచంలకెళ్లే మా ఆయన అన్నడు: "ఎక్కిస్తవ్, సూది నేను పట్టుకుంటే."

"నువ్వు పండు!"

ఇంకో గింజ పోయింది. ఇంకోటి. ఆఖరుకు దాని చున్నీ గుంజిన. జలజల పన్నెండు గింజలు రాలినయ్.

"పన్నెండు! ఆగు, పాస్టరమ్మకే చెప్త!"

రూత్ పెదవి కొరుక్కుని, ఊపిరి ఇడిసి, ఇంకో గింజ తీసి కుప్ప మీద పెట్టింది. "పదమూడు" అన్నది. "గింజకో నొప్పి నాయనమ్మా. గోడ గడియారం జూస్కుంట పెట్టిన. ఐదైదు నిమిషాలు, గంట నిండింది. బిడ్డ మంచిగ కదులుతుంది. ఇగ పోదాం."

నేను పీట పక్కకు నూకి లేసిన. "మరి చెప్పవేందే!"

"నువ్వే గద ఆ మాట బంద్ అన్నవ్! చెప్తే గల్లీ అంత వస్తది, ఇవి మల్ల పోతయ్."

సంచీ కోసం ఉరికిన. బియ్యం డబ్బల లేదు. మంచం కింద లేదు. కోళ్ల గంప ఎత్తి జూసిన, కోడి నా దిక్కు జూసింది. పక్కింటి పిల్ల పుట్టిననాడు ఆళ్లింట్ల పాలకూర పప్పు అని యాదికొచ్చింది గానీ, సంచీ రాలే!

బయట ఆటో హారన్ మోగింది. "సుసన్నమ్మా, సంచీ నా ఆటోలనే ఉన్నది. నిన్నటి నుంచి తిప్పుతున్న" అన్నడు ఖాసీం.

"నువ్వు జొన్నల డబ్బల పెట్టినవ్. నేను తీసి ఖాసీం చిచ్చాకు ఇచ్చిన" అన్నది రూత్, చెప్పులేస్కుంట.

"ఆటోకు ఎవరు చెప్పిన్రే?"

మా ఆయన మంచం దిగిండు. "పదో గింజకు ఖాసీంకు మిస్డ్ కాల్ కొట్టిన, పదకొండో గింజకు జయపాల్‌కు. ముందుగాలనే అనుకున్నం."

"నువ్వా? నీకు నోరు మూస్కొని ఉండుడు వచ్చా?"

"నలభై ఆరేండ్లాయె నీతోని కాపురం. రాదా?"

"మరి నాకొక్కదానికే ఎందుకు చెప్పలే?"

ఇద్దరు ఒక్కపారే అన్నరు: "నీ మొఖం జూస్తే గల్లీ అంతటికి తెలుస్తది!"

దవాఖాన గేటు కాడ నేను ఊపిరి బిగవట్టిన, ఎక్కడ "ఆకలైతుంది" అంటదో అని. అనలే. గేటు పట్టుకొని "అమ్మా!" అన్నది. ఎదురుంగ జయపాల్, దుకాణం తుప్పు చేతులతోనే. లోపలికి తీస్కపోయేదాక దాని చెయ్యి ఇడువలే. దీపాలు పెట్టే యాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు ఇంటే నాకు తెలిసిపోయింది, మైకు ముత్తాతదే.

ఆ పదమూడు గింజలు నా కొంగుల కట్టుకున్న. అవి నావే కాబట్టి ఆ ఆట గెలిసింది గూడ నేనే. ఎవ్వలు ఒప్పుకుంటలేరు.

మీరు గీ ముచ్చట మతిల పెట్టుకోండ్రి. ఎవరింట్లనన్న నొప్పులు వచ్చి పోతుంటే, పక్కన కూసోని చెప్పుండ్రి. నర్సమ్మ మాట చెప్పుండ్రి, గింజల లెక్క చెప్పుండ్రి. కోళ్ల గంప ముచ్చట మాత్రం మీరు చెప్పకుండ్రి. అది మా ఆయన ఎట్లైనా చెప్తడు.