ఆదిమానవుడి కాపడం రాయి

ఆ పొద్దున తోమాసు పెట్టుకున్న పని చిన్నదే. బజారుకెళ్ళి కోడిని తేవాలి, దెబోరా వండాలి, విఠల్‌రావు సార్ కడుపారా తిని మధ్యాహ్నం బస్సుకు హైదరాబాదు వెళ్ళాలి. అది అరవై ఆరో సంవత్సరం. ఖానాపూర్ ప్రయాణికుల బంగళాకు తోమాసు కాపలాదారు, దెబోరా అతని భార్య. ఆ బంగళాలో దిగి గోదావరి గట్టున తవ్వకాలు చేస్తున్న సారంటే తోమాసుకు ప్రాణం.

మరి ఆయన చెప్పిన సంగతి అలాంటిది. ఆదిమానవులు మంట వేసుకున్న పొయ్యి ఒకటి గుంతలో బయటపడింది. దాని రాళ్ళు మంట ఆరిన నాటి నుంచీ మట్టిలోని శక్తిని కొంచెం కొంచెంగా లోపల దాచుకుంటాయట. ఇంగ్లండు సీమలో కొత్తగా ఒక యంత్రం వచ్చింది. రాతిపొడిని అందులో వేడిచేస్తే దాచుకున్నదంతా వెలుగై బయటికొస్తుంది. ఎంత వెలుగో చూసి ఎన్ని వేల ఏళ్ళో చెబుతారు. ఈలోగా ఎవరైనా నిప్పులో వేశారా, రాయి అంతా మరిచిపోయి మొదటికొస్తుంది. అందుకే రెండు రాళ్ళను ఎండ కూడా తగలకుండా మందపాటి నల్లగుడ్డల్లో చుట్టారు. ఆఫీసులో పెద్దలు మాత్రం "అది యంత్రమా, సోదె చెప్పే మనిషా?" అని నవ్వుతున్నారు. ఈ రాళ్ళ వయసు తేలకపోతే తవ్వకం మూసెయ్యమన్నారు కూడా.

ఇంతటి జ్ఞానాన్ని పెళ్ళాంతో పంచుకోవడం తోమాసుకు నామోషీ. "సార్ రాళ్ళు, పైలం" అని మాత్రం చెప్పి బజారుకు బయలుదేరాడు.

అతను అటు వెళ్ళగానే ఇటు సార్ పెట్టె ఎత్తబోయాడు. నడుము పట్టేసి మంచం మీద బోర్లా పడ్డాడు. దెబోరా పరుగున వచ్చింది.

"అయ్యో, ఏమైంది సార్?"

"నడుమమ్మా... ఆ రాళ్ళు... ఆ రాళ్ళెక్కడున్నాయి?"

పెట్టె పక్కన రెండు మూటలు కనిపించాయి. ఒకటి విప్పి చూస్తే మసిబారిన గుండ్రాయి, దాని చుట్టూ మందపు గుడ్డ. అలాంటిది లేని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. బాలింత నడుముకైనా ముసలమ్మ మోకాలికైనా దాన్నే కాల్చి, గుడ్డలో చుట్టి కాపడం పెడతారు. ఇంత పెద్ద సారు తన కాపడం రాయిని ఎక్కడికి పోయినా వెంట తెచ్చుకుంటున్నాడే అని దెబోరాకు ముచ్చటేసింది. రాయిని నిప్పుల్లో బాగా కాల్చి, కాస్త చల్లారాక అదే గుడ్డలో చుట్టి ఆయన నడుముకు ఒత్తింది. బోర్లా ఉన్న సార్ అదేమిటో చూడనే లేదు, కళ్ళు మూసుకుని "ఆహా" అన్నాడు.

ఆ "ఆహా" పక్కింటి ఐలవ్వ చెవిన పడింది.

"పిల్లా, సార్ రాయి మంచిగ పనిజేస్తున్నట్టుందే. నా మోకాలుకు జర పెట్టరాదు?"

ఐలవ్వ మోకాలు వదిలిందన్న వార్త వాడంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. బంగళా వరండా మోకాళ్ళతో, నడుములతో నిండిపోయింది. రాయి పొయ్యిలోంచి నడుముకు, నడుము మీంచి పొయ్యిలోకి తిరుగుతోంది. అది చాలక దెబోరా రెండో మూట చేతిలోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే తోమాసు వచ్చాడు. పొయ్యిలోని రాయిని చూడగానే చేతిలో కోడి జారిపోయింది. ఒక్క గంతులో రెండో మూట లాక్కున్నాడు.

"కొంప ముంచితివి గదనే! వేల ఏండ్ల కిందటి రాయే గది!"

"పాతదైతే కాల్చొద్దా? మా అవ్వ రాయి గూడ పాతదే!"

"గుంజుకుంటవేందిరా? ఇంక నా వంతు రాలే!" అని వెనక నుంచి చంద్రవ్వ గద్దించింది.

గోలకు సార్ లేచి నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. పొయ్యిని చూసి అక్కడే చతికిలబడ్డాడు. తోమాసు చేతిలోని మూట చూసి, "రెండోది నిప్పు చూడలేదు కదా?" అన్నాడు.

"దేవుని తోడు సార్, చూడలే" అన్నాడు తోమాసు.

ఆయన రెండింటినీ పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తోమాసు అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు బంగళా ముందు జీపు ఆగింది. వెనక లారీ నిండా గుడారాలు. సార్ దిగుతూనే దెబోరాకు చేతులు జోడించాడు.

"ఏమీ చెప్పకుండా రెండు రాళ్ళూ సీమకు పంపానమ్మా. ఒకదానికి ఇరవై వేల ఏళ్ళన్నారు. రెండోది మొన్నమొన్ననే పొయ్యిలో కాలింది, ఎవరు కాల్చారని అడిగారు. మా పెద్దల నోళ్ళు మూతపడ్డాయి. యంత్రం నిజమే చెబుతుందని నీవల్లే తేలింది. తవ్వకానికి మళ్ళీ అనుమతి వచ్చింది."

తోమాసుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మనిషి కాల్చింది ఇరవై వేల ఏళ్ళ కిందటైనా, నిరుడైనా ఎత్తి చూపించే యంత్రం! అతను మనసులోనే దానికి దండం పెట్టుకున్నాడు.

దెబోరా మాత్రం బుగ్గన వేలేసుకుంది.

"నేను కాల్చిన్నని తెలుసుకునుడు కోసం గంత దూరం తోలిచ్చిండ్రా సార్? నన్నడిగితే నేనే చెప్పకపోదునా!"