దొరబాబు గారి పాల నాబ్

ఎనభై ఆరో సంవత్సరం పెళ్ళిళ్ళ సీజను ముగిసేసరికి పాండిచ్చేరి పట్టణంలో నల్లటివాళ్ళు లేకుండా పోయారని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఇది ఏ ప్రభుత్వ పథకం కిందా జరగలేదు. ఏ శాఖా ఇందుకు నిధులు విడుదల చెయ్యలేదు. కడలూరు రోడ్డులో, మురుంగపాక్కం దగ్గర సైకిల్ షాపు మేడ మీద శ్రీ సత్యదేవ వీడియో విజన్ అనే సంస్థను నడుపుతున్న దొరబాబు అనే యానాం వాసి ఒంటిచేత్తో ఈ ఘనకార్యం సాధించాడు. వీధుల్లో జనం ఎప్పటిలాగే ఎండకు మాడుతూ తిరుగుతున్న మాట వాస్తవమే. కానీ పెళ్ళయ్యాక చుట్టాలు చూసేది వీధిని కాదు, క్యాసెట్టును. క్యాసెట్టులో అందరూ తెల్లగానే ఉన్నారు.

దొరబాబు గదిలో రెండు వీసీఆర్లు ఉండేవి. మొదటిదాంట్లో పెళ్ళి జరిగినట్టు నడుస్తుంటే, రెండోదాంట్లోకి జరగాల్సినట్టు ఎక్కేది. దీన్నే ఎడిటింగ్ అంటారు. రెంటి నడుమ, మద్రాసులో ఓడసరుకు అమ్మేవాడి దగ్గర కొన్న ఒక రంగుల పెట్టె ఉండేది. దానికి నాలుగు నాబులు. నాబుల కింద అక్షరాలు జపాను భాషలో ఉన్నాయి. దొరబాబు అధైర్యపడలేదు. ఒక్కోటీ తిప్పి చూసి, జరిగిన పనిని బట్టి తానే నామకరణం చేశాడు. పసుపు, కుంకుమ, ఆకు, పాలు. మొదటి మూడింటితో ఊరికి పెద్దగా అవసరం పడలేదు. నాలుగోదాన్ని కుడివైపు తిప్పితే మాత్రం మొహాల మీద పాలు పోసినంత తెలుపు వచ్చేది. టీవీని పెట్టె తర్వాత తగిలించాడు కాబట్టి అసలు రంగు ఆ గదిలోకి వచ్చే దారే లేదు.

పాల పంపిణీలో సంస్థ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. గుమాస్తా ఇంటి పెళ్ళికి నాబు అయిదు మీద ఉండేది. గెజిటెడ్ ఆఫీసరు ఇంటికి ఏడు. ఫ్రెంచి పింఛను అందుకునే ఇంటికి తొమ్మిది, ఎందుకంటే వాళ్ళ క్యాసెట్టు పారిస్‌లో ఉన్న చుట్టాలు కూడా చూడాలి, అక్కడ పోటీ ఎక్కువ. ఈ అంతస్తులు ఎవరు నిర్ణయించారని ఎవరూ అడగలేదు. ఎవరి మర్యాద వాళ్ళకు తెలుసు.

కొన్ని చిల్లర ఇబ్బందులు వచ్చిన మాట నిజం. పాలు ఎక్కువైతే, ముందే తెల్లగా ఉన్నవి కరిగి మాయమయ్యేవి. కిరుమాంబాక్కంలో ఒక పెళ్ళికొడుకు తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల తలపాగాతో సున్నం కొట్టిన గోడ ముందు కూర్చున్నాడు. క్యాసెట్టులో ఆయన మీసం ఒక్కటే తాళి కట్టింది. పిల్ల తండ్రి జాగ్రత్తగా చూసి, "మీసం పడింది గదా, సరి" అని తృప్తిపడ్డాడు. బందోబస్తుకు వచ్చిన పోలీసాయన నెత్తిన ఫ్రెంచివాళ్ళ నాటి ఎర్రటోపీ గులాబీ రంగుకు తిరిగింది. మరోచోట సాంబారు పాయసంలా కనిపించేసరికి, అన్నంలో పాయసం పోసి తమను అవమానించారని మగపెళ్ళివారు అలిగారు. ఆ సాంబారు తిన్నది వాళ్ళే. కానీ నాలుక చెప్పినదాని కంటే టీవీ చెప్పినదాన్ని నమ్మడం చదువుకున్నవాళ్ళ లక్షణం. వంటవాడు అందరికీ దండం పెట్టి క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇంత సేవ చేసినవాణ్ణి లోకం ఊరికే వదలదు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల సాంస్కృతిక సంఘం దొరబాబుకు శాలువా కప్పి 'వర్ణబ్రహ్మ' అనే బిరుదు ప్రదానం చేసింది. సంఘాధ్యక్షులు బుల్లిరాజు గారు ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. మైకు దొరికితే వదిలే మనిషి కాదు. "సోదర సోదరీమణులారా! చర్మం ప్రకృతి ఇచ్చింది. రంగు నాగరికత ఇచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఇన్ని తరాలు ఈ ఊళ్ళో కాపురం ఉండి కూడా మనల్ని తెల్లగా చెయ్యలేకపోయారు. మన దొరబాబు ఒక్క సీజనులో చేసి చూపించాడు. స్వాతంత్ర్యం అంటే ఇదీ!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

ఆ సభ క్యాసెట్టే తర్వాత తలనొప్పి తెచ్చింది. నాబు ఒక్కటే కావడంతో అధ్యక్షులూ, కుర్చీలు సర్దిన ప్యూనూ ఒకే తెలుపులో వచ్చారు. పెట్టెకు సీనియారిటీ తెలియడం లేదని బుల్లిరాజు గారు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. దొరబాబు ఆలోచించి దారి చూపించాడు. మరుసటి సభ నుంచి అధ్యక్షుల కుర్చీ సరిగ్గా వీడియో లైటు కింద వేశారు, మిగతావాళ్ళు హోదా ప్రకారం చీకటి వైపుకు జరిగారు. అధ్యక్షులకు నెత్తి కాలి బొబ్బలెక్కింది గానీ మర్యాద దక్కింది.

ఇక్కడ దొరబాబు రంగు గురించి చెప్పక తప్పదు. నలుపు. ఎప్పుడూ కెమెరా వెనక ఉండేవాడు కాబట్టి ఆ సంగతి అతని దృష్టికి రాలేదు. పెళ్ళి చేసుకుంటే తెల్లటి పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టాడు. అతని అక్క నాగకుమారి యానాం నుంచి సంచీ నిండా ఫొటోలు తెచ్చింది. దొరబాబు ఒక్కటీ ముట్టుకోలేదు.

"ఫొటోలు నమ్మకూడదక్కా. స్టూడియోవాళ్ళు ఏవేవో పూస్తారు. వీడియో అయితే ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది" అన్నాడు.

ఆ వీడియోలోనే అతనికి శివగామి కనిపించింది. మిల్లులో పనిచేసే అణ్ణామలై రెండో కూతురు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. తాతల కాలం నుంచి ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు అరవానివే. కులం కూడా కలిసింది. తన అక్క పూంగావనం పెళ్ళిలో శివగామి హారతి పళ్ళెం పట్టుకుని వస్తుంటే దొరబాబు లైటు తిన్నగా ఆమె మొహం మీద వేశాడు. ఆమె ఆగి, "ఏంది సారూ, కండ్లలో లైటేసి నిలబడితే నేను యాడ నడిచేది? పళ్ళెం మీ నెత్తిన పెట్టేదా?" అని కసిరింది. కసిరాక తన మాటకు తనకే నవ్వొచ్చి, పళ్ళెం వణికేంతగా నవ్వింది.

ఆమెను ఎదురుగా చూశాడు కదా, రంగు తెలియదా అని మీరు అడగవచ్చు. కెమెరాలో కన్ను పెట్టి చూసే చిన్న తెర నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. రెండో కన్ను మూసుకోవాలి. పెళ్ళంతా దొరబాబు అలాగే చూశాడు. తర్వాత టీవీలో చూశాడు, పాలు ఏడు మీద పెట్టి. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేసి, పాలు పడని అసలు టేపుగానే విడిగా దాచుకున్నాడు. పని మధ్యలో అది వేసుకుని, ఆ కసురు విని, ఆ నవ్వు చూసి, అన్నం సంగతి మరిచిపోయేవాడు. అతనికి నిజంగానే ప్రేమ పుట్టింది. ఇందులో వెటకారం లేదు. ఆ గొంతు వినకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు.

కబురు వెళ్ళింది. అణ్ణామలై సంతోషించి, పిల్లవాడు ఎలా ఉంటాడని అడిగించాడు. వర్ణబ్రహ్మ ఫొటో పంపితే పరువేముంటుంది? బీచి రోడ్డులో కుర్చీ వేసుకుని, సముద్రం వైపు చూస్తున్నట్టు తనను తాను వీడియో తీయించుకున్నాడు. తన విషయంలో పిసినారితనం ఎందుకని నాబు పది మీద పెట్టాడు. సముద్రం కనబడలేదు. దొరబాబు మాత్రం ఫ్రాన్సు నుంచి నిన్ననే దిగినట్టున్నాడు.

ఆదివారం పెళ్ళిచూపులు. అక్కను వెంటబెట్టుకుని దొరబాబు మిల్లు పక్క సందులో అణ్ణామలై ఇంటి తలుపు తట్టాడు. నల్లటి పిల్ల ఒకామె తలుపు తీసింది. దొరబాబు ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ, "శివగామి గారు లేరా అండీ?" అన్నాడు.

"నేనే శివగామి" అందామె. అని, పెళ్ళికొడుకు కోసం అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది. "మీరెవురు? మాప్పిళ్ళ వెనకాల వస్తా ఉండాడా?" అక్క పెళ్ళి రోజున ఆ ఇంటివాళ్ళు చూసింది లైటునూ కెమెరానూ గానీ, వాటి వెనక ఉన్న మొహాన్ని కాదు.

గొంతు అదే. దొరబాబు గుండె ఒకసారి పైకెగిరి, మొహం చూసి మళ్ళీ కిందపడింది.

నాగకుమారి గడప మీదే గొంతెత్తింది. "ఇదేం అన్యాయవండీ! క్యాసెట్లో చూపించింది ఒక పిల్లని, ఇక్కడ నిలబెట్టింది ఇంకో పిల్లని!"

"మాకూ ఒక క్యాసెట్టు వొచ్చిందే తల్లీ!" అన్నాడు అణ్ణామలై. "అందులో ఉండే దొర యాడ? ఈయప్ప ఎవురు?"

సందు సందంతా పోగయింది. పక్కింటి నుంచి టీవీ మోసుకొచ్చారు, వీసీఆర్ అద్దెకు తెచ్చారు. పూంగావనం పెళ్ళిదీ, బీచి రోడ్డుదీ, రెండు క్యాసెట్లూ సాక్ష్యంగా వేశారు. పెద్దలు టీవీలో ఉన్నవాళ్ళనూ గదిలో ఉన్నవాళ్ళనూ మార్చి మార్చి చూశారు. టీవీలో ఉన్న ఇద్దరికీ ఈడూ జోడూ దివ్యంగా కుదిరిందనీ, పేచీ అంతా గదిలో ఉన్న ఇద్దరితోనేననీ తేలింది. "టీవీలో ఉండేవాళ్ళకి ముహూర్తం పెట్టేయండప్పా, ఎంత పొత్తుగా ఉండారో!" అంది పక్కింటి అన్నమ్మాళ్ అవ్వ. అవ్వ వేళాకోళానికి అనలేదు.

అప్పుడు శివగామి ముందుకు వచ్చింది. "ఈ రెండూ చేసింది ఈ సారే గదా. ఆయన్నే అడగండి. క్యాసెట్టు అబద్ధమా, నేను అబద్ధమా?"

దొరబాబు లెక్క వేసుకున్నాడు. క్యాసెట్టు అబద్ధం అని ఒక్క మాట అంటే చాలు, ఆ కసురూ ఆ నవ్వూ జన్మంతా తన ఇంట్లో ఉంటాయి. కానీ గుమ్మం దగ్గర నిలబడినవాళ్ళలో సగం మంది అతను తీసిన పెళ్ళిళ్ళవాళ్ళే. ఆ మాట అంటే ఊళ్ళో అయిదులూ ఏడులూ తొమ్మిదులూ అన్నీ ఒక్కసారిగా నల్లబడిపోతాయి. బిరుదు పోతుంది, శాలువా పోతుంది. అతను జనం వైపు తిరిగాడు.

"మా సంస్థ క్యాసెట్లో తప్పు రావడానికి అవకాశం లేదండి. జపాను మిషను. తేడా ఏమన్నా ఉంటే అది మనిషిలోనే ఉండాలండి."

జనం ఊపిరి పీల్చుకున్నారు. శివగామి ఏడవలేదు. "అట్లనా! అయితే ఆ టీవీలో ఉండేదాన్నే కట్టుకోండి సారూ. దానికి కూడు కూడా పెట్టబళ్ళేదు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

విచారణ ముగిసింది. అణ్ణామలై కూతురు తన క్యాసెట్టుకు తగినట్టుగా లేదని సందులో తీర్మానం జరిగిపోయింది. ఆమె కోసం అడగాలనుకుంటున్న మరో ఇంటివాళ్ళు, రికార్డుకూ మనిషికీ తేడా ఉన్నచోట మనకెందుకని తప్పుకున్నారు. పెట్టెను ఎవరూ ఒక్క మాట అనలేదు.

దొరబాబు మనసు మాత్రం కుదురుగా లేదు. ఒక మధ్యాహ్నం ఆ ముక్క మళ్ళీ వేసుకున్నాడు. ఆమె కసిరింది, నవ్వింది. అతని చెయ్యి తనంతట తానే నాలుగో నాబు మీదికి పోయి, మొదటిసారి దాన్ని సున్నాకు తిప్పింది. తెరమీద శివగామి వచ్చింది, తలుపు తీసిన శివగామి. ఇన్నాళ్ళూ గొంతు ఒకరిది, మొహం ఒకరిది అన్నట్టు ఉండేది. ఇప్పుడు రెండూ ఒక్క మనిషివయ్యాయి. దొరబాబుకు సిగ్గేసింది.

మర్నాడు ఎక్స్ఛేంజి గేటు దగ్గర నిలబడి, ఆమె బయటికి రాగానే తప్పయిపోయిందన్నాడు. శివగామి అంతా విన్నది.

"నాకు చెవిలో చెప్తే యాడ చాలుతుంది? ఆ పొద్దు సందులో అందరి ముందర అన్నారు గదా. అదే సందులో, అందరి ముందర, క్యాసెట్టు అబద్ధమని చెప్పండి. ఆ పైన నేను నాయన్ను అడగతా."

దొరబాబు ఒప్పుకున్నాడు. సాయంత్రమే వస్తానన్నాడు. బట్టలు మార్చుకుందామని మేడ ఎక్కబోతే మెట్ల మీద బుల్లిరాజు గారు కూర్చుని ఉన్నారు. తమ డైరెక్టరు గారి ఇంట్లో పెళ్ళట. డైరెక్టరు గారు పదికి తక్కువ ఒప్పుకోరట. అది కుదిరితే, ఆ వెనక ఆఫీసు ఆఫీసంతా వరసలో ఉందట. ఈ ఒక్క సీజనూ గడవనిచ్చి సందులోకి వెళదామని దొరబాబు అనుకున్నాడు. సీజను గడిచింది. ఇంకో సీజను వచ్చింది. శివగామి కారైక్కాల్ ఎక్స్ఛేంజికి బదిలీ అడిగి తీసుకుని, ఒక ట్రంకు పెట్టెతో బస్సెక్కి వెళ్ళిపోయింది. దొరబాబు ఆ ముక్కను ఇప్పటికీ వేసుకుంటాడని, ఎవరైనా మెట్లెక్కే చప్పుడైతే నాబు ఏడుకు తిప్పేస్తాడని విన్నాం.

ఊళ్ళో మంచివాళ్ళు లేకపోలేదు. విశాల హృదయం గల కొందరు దొరబాబును గట్టిగా తిట్టి, పిల్ల నల్లగా ఉన్నా కళగల మొహమేనని శివగామి పక్షం వహించారు. పాఠకులుగా మీరూ ఆ పక్షమే అని తెలుసు. నల్లగా ఉన్నా పెద్ద పెద్ద కళ్ళు, నల్లగా ఉన్నా కోటేరు ముక్కు అని ఆమెను ఈపాటికి మనసులో ముద్దుగా దిద్దుకునే ఉంటారు. ఆమె కళ్ళ గురించి గానీ ముక్కు గురించి గానీ ఈ కథలో ఎక్కడా ఒక్క ముక్క చెప్పలేదు. దొరబాబుకైతే ఆ పనికి జపాను పెట్టె కావలసి వచ్చింది.