పురుషోత్తం అసలు మనిషైన విధం

తామెవరో తెలుసుకోవడానికి పూర్వం మనుషులకు ఇరుగుపొరుగు సరిపోయేది. నాగరికత పెరిగింది కాబట్టి ఇప్పుడు నెట్ ప్యాక్ కావాలి.

మాదన్నపేటలో మసాలా దినుసులు అమ్మే పురుషోత్తం ఫోనులోకి ఒకరోజు 'నీ మూలాలు నీకు తెలుసా?' అనే వీడియో వచ్చింది. తెలియవని తేలేసరికి అతను బెంగపడి, అలాంటివే మరికొన్ని చూసి, చివరికి 'అసలు మనవాళ్లు' అనే వాట్సాప్ గ్రూపులో చేరాడు. దాని అడ్మిన్ బసవయ్యకు 'మూలాల పరిరక్షకుడు' అని బిరుదు. (ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఆయనే.) సభ్యులందరూ టిఫిన్‌కు ముందే గర్వపడాలని నియమం. సభ్యత్వం ఖాయం కావాలంటే పరాయి మాట దొర్లకుండా మాతృభాషలో మాట్లాడిన వీడియో పంపాలి.

పురుషోత్తం మొదటి వీడియో 'దుకాణం' అన్న పారసీ మాట దగ్గరే తిరస్కారానికి గురైంది. దాంతో అతను గల్లాపెట్టె దగ్గరే సాధన మొదలుపెట్టాడు.

ఏళ్ల తరబడి అతని దగ్గరే యాలకులు కొంటున్న వంటమాస్టరు జహంగీర్ వచ్చాడు.

"సలాం భాయ్, కొత్త మాల్ వచ్చిందా?"

"విచ్చేయుము మిత్రమా. సరుకు సిద్ధముగా నున్నది."

జహంగీర్ తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. "తబియత్ ఖరాబైందా? గిట్ల మాట్లాడుతున్నవేంది?"

"ఆరోగ్యము క్షేమము." (ఇవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలే. 'గ్రూపు' ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఎవరూ అడగలేదు.)

జహంగీర్ ముఖం చిన్నబోయింది. "కోపమొస్తే తిట్టు భాయ్. పరాయోనితోని మాట్లాడినట్టు మాట్లాడకు."

పురుషోత్తానికి చెప్పాల్సిన మాటలు చాలానే తోచాయి. అన్నీ నిషేధంలో ఉన్నవే. అతను చేతులు జోడించాడు. మర్నాటి నుంచి జహంగీర్ ఎదురు దుకాణానికి వెళ్లసాగాడు.

రెండో వీడియో నెగ్గింది. బసవయ్య అతన్ని 'అసలు మనిషి' అని ప్రకటించాడు. గ్రూపు నిండా పూలబొమ్మలు కురిశాయి. ఆ ఉత్సాహంలో పురుషోత్తం తన తల్లి నాగమణమ్మనూ సభ్యురాలిని చేయాలనుకుని ఫోను ఆమె ముందు పెట్టాడు.

"నేను మంచిగున్న బిడ్డా, ఫికర్ జెయ్యకుండ్రి," అందామె ఫోనుకేసి చూసి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "జహంగీర్ వస్తలేడేందిరా? పాపం, ఏం పరేషాన్ల ఉన్నడో. జర పోయి అర్సుకో."

గ్రూపు ఆమెను ఏకగ్రీవంగా తిరస్కరించింది. ఇంట్లో ఇటువంటి భాష వినిపించడం ప్రమాదకరమని పురుషోత్తాన్ని హెచ్చరించింది కూడా.

అప్పటి నుంచి పురుషోత్తం తల్లితో మాట్లాడడం తగ్గించాడు. మాతృభాష పాడవుతుందట.